వేలిముద్ర పడని అవ్వకు ఖాతా ఎలా తెరిచాం

2023 జూన్ 12, సోమవారం. అనంతపురం జిల్లాలో ఒక మండల కేంద్రం, అక్కడ ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖ. నేనప్పుడు ఆ శాఖలో సహాయ మేనేజరుని. కొత్త ఖాతాల దరఖాస్తులు చివరికి నా బల్ల మీదికే వచ్చేవి. ఆ మధ్యాహ్నం కౌంటరు దగ్గర ఒక అవ్వ నిలబడింది. చంకలో గుడ్డసంచి. అందులోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. లామినేషన్ చేయించిన ఆధార్ కాగితం, మూలలు అరిగిన ఓటరు కార్డు, బియ్యం కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ఒక ఫోటో ఆమెది. రెండోది చనిపోయిన భర్తది.

"ఆయన ఫోటో ఎందుకు తెచ్చినావవ్వా?" అని అడిగాడు గుమస్తా.

"ఏ ఆఫీసులో ఏమడుగుతారో మాకేం తెలుసు నాయనా. అన్నీ తెచ్చినా. ఏది పనికొస్తాదో నువ్వే సూసుకో" అంది.

ఆమె ఖాతా తెరిచింది జూన్ 30న. మధ్యలో 18 రోజులు. సంచిలో ఉన్న కాగితాలతోనే, ఒక్క సంతకం తోడైతే చాలు, ఖాతా తెరిచే దారి మొదటి రోజు నుంచీ రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉంది. ఆ దారి మా శాఖలో ఎవరికీ సరిగా తెలియదు, నాతో సహా. ఈ 18 రోజులు ఎక్కడెక్కడ పోయాయో వివరంగా రాస్తే, ఇలాంటి కౌంటర్లలో కూర్చున్న తోటి ఉద్యోగులకూ, ఇలాంటి అవ్వల వెంట వచ్చే మనవళ్లకూ పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను.

అవ్వ పేరు రాయను. చివర 'అమ్మ' వచ్చే పేరు అని మాత్రం చెప్పాలి. సగం చిక్కు అక్కడే ఉంది.

ఆధార్ ప్రకారం ఆమెకు 68 ఏళ్లు. పుట్టిన తేదీ 01-01-1955. ఆ తరం వాళ్లలో చాలామందికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1నే. నమోదు రోజున వయసు అంచనాగా చెప్తే సిస్టమ్ వేసుకునే తేదీ అది. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. వితంతు పింఛను 2,750 రూపాయలు ప్రతి నెలా 1వ తేదీన వాలంటీరు ఇంటికి తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఉపాధి కూలీ చాలా ఏళ్లు పోస్టాఫీసు ద్వారా అందింది. అందుకే బ్యాంకు గడప తొక్కాల్సిన అవసరం ఆమెకు అప్పటిదాకా రాలేదు.

ఆ ఏడాది పరిస్థితి మారింది. ఉపాధి హామీ కూలీని ఆధార్ ఆధారంగానే చెల్లించాలని కేంద్రం గడువు పెట్టడం, పొడిగించడం, మళ్లీ పొడిగించడం జరుగుతోంది. చివరికి 2024 జనవరి 1 నుంచి అది తప్పనిసరి అయింది. 2023 వేసవిలో ఊళ్లలో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్లు చెబుతున్న మాట ఒక్కటే: "ఆధార్ లింకున్న బ్యాంకు బుక్కు తెచ్చుకో, లేకుంటే దుడ్లు పడవు." అవ్వకు అప్పటికే ఆరు వారాల కూలీ రాలేదు. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజు కూలీ 272 రూపాయలు. కందకాల పనిలో కొలతను బట్టి లెక్క కడతారు కాబట్టి ఆ వయసులో చేతికొచ్చేది అంతకన్నా తక్కువే. అయినా ఆరు వారాలంటే ఆ ఇంటికి చిన్న మొత్తం కాదు.

మా దగ్గరికి రాకముందు ఆమె సొంతూరి బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున ఖాతాలు తెరిచి, డబ్బిచ్చే మనిషి) దగ్గరికి మూడు రోజులు తిరిగింది. బ్యాంకు మిత్ర దగ్గర ఉండేది చేతిలో పట్టేంత వేలిముద్ర యంత్రం, ఒక సెల్‌ఫోను. ఆధార్ నంబరు కొట్టి వేలు పెడితే ఆ ముద్రను ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ దగ్గరున్న ముద్రతో పోల్చి చూస్తారు. సరిపోతే పేరు, ఫోటో, చిరునామా అక్కడి నుంచే వచ్చేస్తాయి. ఖాతాదారు ఎవరో నిర్ధారించుకోవడం కేవైసీ, దాన్ని ఇలా యంత్రంతో చేస్తే ఇ-కేవైసీ అంటాం. వేలు పడితే పది నిమిషాల్లో ఖాతా చేతికొస్తుంది. పడకపోతే ఆ యంత్రం ముందు చేసేదేమీ ఉండదు.

అవ్వకు పది వేళ్లూ పడలేదు. తలకు రుద్దుకుని పెట్టమన్నారు, నుదుటికి రాసుకుని పెట్టమన్నారు. చర్మానికి కాస్త జిడ్డు తగిలితే గీతలు తేలతాయని ఊళ్లో అందరూ చేసే పని. మా శాఖలో మేమూ చేతులు సబ్బుతో కడిగించి, ఆరనిచ్చి, యంత్రం అద్దం తుడిచి మళ్లీ ప్రయత్నించాం. ఆ చేతిని నేను దగ్గరగా చూశాను. బొటనవేలు, చూపుడువేలు కొసలు నున్నగా గాజులా మెరుస్తున్నాయి. జూన్ అంటే మా వైపు చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం సిద్ధం చేసుకునే కాలం. విత్తనపు కాయలు మిషన్‌లో వేస్తే పప్పు పగులుతుందని ఆడవాళ్లు చేత్తోనే ఒలుస్తారు. కాయను నొక్కి పగలగొట్టేది ఆ రెండు వేళ్లతోనే. నలభై యాభై ఏళ్లు ప్రతి వేసవీ మూటలకు మూటలు ఒలిచిన వేళ్లవి. యంత్రం ముందు అందరూ మొదట పెట్టే వేళ్లు కూడా అవే.

ఓటీపీతో చేద్దామంటే ఆధార్‌కు ఎక్కించిన ఫోను నంబరు కొడుకుది. అతను బెంగుళూరులో తాపీ పనికి వెళ్లి ఆ సిమ్ ఎప్పుడో వదిలేశాడు. నంబరు పనిచేసినా, మనిషి ఎదురుగా లేకుండా ఓటీపీ మీద తెరిచిన ఖాతాకు ఏడాది లోపు పూర్తి కేవైసీ కావాలి, నిల్వ మీద పరిమితులు ఉంటాయి. కాబట్టి దాని వెంట పడలేదు.

అప్పుడు అవ్వ అడిగిన ప్రశ్న నాకిప్పటికీ చెవిలో ఉంది. "పింఛనీ ఇచ్చే పిల్లోడు కంటికాడ పెట్టి సూస్తాడు గదా నాయనా. మీ దాంట్లో కన్ను ల్యాదా?"

లేదు. రాష్ట్ర ప్రభుత్వం వాలంటీరు చేతికి కనుపాప చదివే పరికరం ఇచ్చింది. మా బ్యాంకు మిత్రకు వేలి యంత్రం ఒక్కటే. అదే ఆధార్, అదే అవ్వ. ఒకచోట నెలనెలా గుర్తుపడుతున్నారు, ఇంకోచోట మూడు రోజులు తిరిగినా గుర్తుపట్టలేదు.

మా గుమస్తా ఆమెకు చెప్పిన సలహా అన్ని కౌంటర్లలో వినిపించేదే: "ఆధార్ సెంటరుకు పోయి వేలిముద్రలు అప్‌డేట్ చేయించుకుని రా." ఆమె నిజంగానే వెళ్లింది. 100 రూపాయలు కట్టి, ఒకరోజు పని పోగొట్టుకుని, వేళ్లన్నీ మళ్లీ ఇచ్చి వచ్చింది. ఏమీ మారలేదు. గీతలే అరిగిపోయిన వేలిని ఎన్నిసార్లు ఎక్కించినా అందులో పోల్చడానికి ఏముంటుంది? ఈ సలహా ఇవ్వడం మానేయాలని నా గట్టి అభిప్రాయం. బాగా అరిగిన వేళ్లున్న ముసలివాళ్ల విషయంలో అది పరిష్కారం కాదు, వాయిదా మాత్రమే.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి దరఖాస్తు నేరుగా నా దగ్గరికే వచ్చింది, తప్పు నాదయింది. వేలిముద్ర లేకపోతే వేరే గుర్తింపు పత్రం చూడొచ్చని నాకు లీలగా తెలుసు. ఓటరు కార్డు తీసి ఆధార్ పక్కన పెట్టాను. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, తర్వాత 'అమ్మ'తో కలిపి పేరు. ఓటరు కార్డులో ఇంటిపేరు లేదు, 'అమ్మ' లేదు. చిన్నప్పుడు పిలిచే పొట్టి పేరు ఒక్కటే ఉంది. "పేరు కలవడం లేదవ్వా. పెళ్లి సర్టిఫికెట్ గానీ గెజిట్ గానీ ఉంటే తీసుకురా" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. కాగితాలు సంచిలో సర్దుకుని వెళ్లిపోయింది. 1970 ప్రాంతంలో ఊళ్లో పెళ్లయిన మనిషి. మన రాష్ట్రంలో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేసిన చట్టమే 2002 నాటిది. ఆమె ఆ సర్టిఫికెట్ ఎక్కడినుంచి తెస్తుంది?

సాయంత్రం శాఖ మూసే వేళకు కూడా ఆ మాట మనసులోంచి పోలేదు. రిజర్వు బ్యాంకు కేవైసీ మాస్టర్ ఆదేశం, 2016 ఫిబ్రవరి 25 నాటిది, తర్వాతి సవరణలతో సహా తెరిచి మొదటి నుంచి చదివాను. నేను అడిగిన పెళ్లి సర్టిఫికెట్, గెజిట్ సంగతి అందులో ఉన్న మాట నిజం. కానీ అది పత్రం ఇచ్చిన తర్వాత పేరు మార్చుకున్న వాళ్ల కోసం. అవ్వ పేరు మార్చుకోలేదు. ఆమె పేరును ఒక్కో ఆఫీసు ఒక్కో రకంగా రాసుకుంది. ఆ భారాన్ని ఆమె మీద వేశాను.

ఇంకొంచెం ముందుకెళ్తే అసలు పేరా కనిపించింది. 2019 మేలో చేర్చిన సవరణ. ప్రభుత్వ పథకాల సొమ్ము అందుకోవాలనుకునే మనిషికి గాయం, జబ్బు, వయసు పైబడటం, అలాంటి కారణాల వల్ల ఇ-కేవైసీ జరగకపోతే బ్యాంకు ఏం చేయాలో అందులో ఉంది. ఆధార్ నంబరు తీసుకోవాలి. వీలైతే ఆఫ్‌లైన్ ధ్రువీకరణ చేయాలి, లేదా మరో అధీకృత గుర్తింపు పత్రం నకలును అసలుతో సరిచూసి తీసుకోవాలి. ఈ పని బ్యాంకు అధికారే స్వయంగా చేయాలి. చేసిన సంగతిని మినహాయింపుల జాబితాలో నమోదు చేయాలి. శాఖ పనిని ఎప్పటికప్పుడు తనిఖీ చేసే కంకరెంట్ ఆడిట్‌లో దాన్ని పరిశీలిస్తారు.

ఈ కొద్ది వాక్యాల దగ్గరే మా శాఖ చేసిన పొరపాట్లన్నీ ఉన్నాయి. అధికారి స్వయంగా చేయాల్సిన పని కాబట్టి బ్యాంకు మిత్ర మొదటి రోజే ఆమెను మా దగ్గరికి పంపాలి. అతనికి ఎవరూ చెప్పలేదు, మూడు రోజులు వేళ్లు పెట్టిస్తూనే ఉన్నాడు. మా గుమస్తా ఆమెను ఆధార్ సెంటరుకు కాకుండా నా దగ్గరికి పంపాలి. నేను ఓటరు కార్డులో పేరు దగ్గర ఆగిపోకుండా సంచిలో ఇంకేముందో చూడాలి.

సంచిలో ఏముందో చెప్పేముందు ఏ కార్డు చెల్లుతుందో చెప్పాలి. ఈ విషయంలో జనంలోనే కాదు, బ్యాంకుల్లోనూ గందరగోళం ఉంది. అధీకృత పత్రాలు ఆరే: పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆధార్ ఉన్నట్టు చూపే పత్రం, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం చేసిన ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టరు వారు పేరు, చిరునామాతో ఇచ్చిన ఉత్తరం. మన ఊళ్లలో అందరూ ప్రాణంలా దాచుకునే బియ్యం కార్డు ఈ జాబితాలో లేదు. పింఛను పుస్తకం లేదు. పాన్ కార్డు కూడా లేదు, ఇది విని ఆశ్చర్యపోయే చదువుకున్నవాళ్లను చాలామందిని చూశాను. పాన్ అడిగేది ఆదాయపన్ను లెక్క కోసం. అది లేనివాళ్లు అప్పట్లో, పాన్ లేదని ప్రకటించే ఫారం 60 ఇస్తే సరిపోయేది. కరెంటు బిల్లు లాంటివి చిరునామాకు తాత్కాలికంగా పనికొస్తాయి, అదీ రెండు నెలల లోపు బిల్లయితే. మూడు నెలల్లో ఆ చిరునామాతో అసలు పత్రం తేవాలి.

ఈ కాగితాల్లో ఒక్కటీ లేని మనిషికి కూడా చిన్న ఖాతా అనే ఏర్పాటుంది. అధికారి ఎదుట ఫోటో మీద సంతకమో వేలిముద్రో పెట్టిస్తే తెరవొచ్చు. ఏడాదికి జమలు లక్ష దాటకూడదు, నెలకు తీసేది 10 వేలు దాటకూడదు, నిల్వ 50 వేలు దాటకూడదు, ఏడాదిలోపు పత్రానికి దరఖాస్తు చేసినట్టు చూపాలి. ఒక సహోద్యోగి అవ్వకు అదే తెరిచేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆమె దగ్గర పత్రాలున్నాయి. ఉన్న మనిషిని లేనివాళ్ల వరుసలో నిలబెడితే ఏడాదికి మళ్లీ ఇదే తిరుగుడు.

ఆఫ్‌లైన్ ధ్రువీకరణ అంటే ఆధార్ మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి యూఐడీఏఐ డిజిటల్ సంతకంతో సహా వివరాలు చూడటం. అవ్వది 2012 నాటి ఉత్తరం. సంతకం ఉన్న క్యూఆర్ కోడ్ అప్పటికి రాలేదు. లామినేషన్ కింద కాగితం ముడతలు కూడా పడింది. ఇప్పుడైతే మొదటి రోజే పీవీసీ ఆధార్ కార్డుకు ఆర్డరు పెట్టిస్తాను. దానికి ఆధార్‌లో ఉన్న ఫోను నంబరే ఉండాలన్న నియమం లేదు, కార్డు పోస్టులో ఇంటికే వస్తుంది. అప్పట్లో నాకు ఆ ఆలోచన రాలేదు.

మిగిలింది జాబ్ కార్డు. అందులో పేరు తెలుగులో ఉంది, ఇంటిపేరు మొదటి అక్షరం, ఆ వెంటే 'అమ్మ'తో కలిపి పేరు. ఆధార్‌తో సరిపోతోంది. భర్త పేరు, ఊరు, కుటుంబం ఫోటో అన్నీ ఉన్నాయి. ఆ ఫోటోలో ఆయన కూడా ఉన్నాడు, భుజం మీద తువ్వాలుతో. వెనుక పేజీ తిప్పాను. ముద్ర ఉంది. సంతకం లేదు.

ఇక్కడొక్క మాట చెప్పాలి. దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. జాబ్ కార్డు పుట్టిన నేల ఇది. ఆ కార్డును గుర్తింపు పత్రంగా చేర్చుతూ 2010 డిసెంబరులో మనీ లాండరింగ్ నిరోధక నిబంధనలను సవరించారు. మరుసటి నెల రిజర్వు బ్యాంకు ఆదేశమిస్తూ, జాబ్ కార్డు ఒక్కదాని మీదే తెరిచిన ఖాతాకు చిన్న ఖాతా పరిమితులే వర్తిస్తాయంది. తర్వాత ఆ షరతు తీసేశారు. కానీ ఆ రోజుల్లో కౌంటర్లో పనిచేసినవాళ్ల మనసులో "జాబ్ కార్డు పూర్తి కేవైసీ కాదు" అన్న మాట మిగిలిపోయింది. వాళ్లు నేర్పిన పిల్లలకూ అదే వచ్చింది. మా శాఖలో అడిగితే ముగ్గురిలో ఇద్దరు జాబ్ కార్డు చెల్లదన్నారు. బండ్లపల్లి ఉన్న జిల్లాలో, ఎండలో మట్టి మోసే మనిషి చేతిలోని కార్డును మేమే కార్డు కాదంటున్నాం. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.

సంతకం లేని కార్డును తీసుకోవడానికి వీల్లేదు. నిబంధనలో ఆ మాట స్పష్టంగా ఉంది, అందులో సర్దుబాటు చేస్తే రేపు ఆడిట్‌లో నష్టపోయేది ఆ ఖాతానే. మండల పరిషత్ కార్యాలయానికి ఫోను చేశాను. పాతవాటి బదులు కొత్త కార్డులు ఇచ్చినప్పుడు కొన్ని అలాగే వెళ్లిపోయాయని, తెస్తే చేస్తామని చెప్పారు. అవ్వ మొదటిసారి వెళ్లినప్పుడు అధికారి పనుల తనిఖీకి వెళ్లి లేరు. రెండోసారి దొరికారు. పేరు, హోదా, తేదీతో సంతకం చేయించుకుని, చెదిరిపోతుందేమోనని ఆ పేజీని వేళ్ల మధ్య తెరిచి పట్టుకునే వచ్చింది.

జూన్ 30న ఖాతా తెరిచాం. కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక పొదుపు ఖాతా. అసలు కార్డునూ అవ్వ ముఖాన్నీ పక్కపక్కన చూసి, నకలు మీద 'అసలుతో సరిచూశాను' అని రాసి నేనే సంతకం చేశాను. ఆధార్ నకలు మీద మొదటి 8 అంకెలు నల్లసిరాతో కొట్టేశాం. పాన్ లేదు కాబట్టి ఫారం 60. నామినీగా కొడుకు. మా సాఫ్ట్‌వేర్ ఇంగ్లిషు అక్షరాలే తీసుకుంటుంది కాబట్టి ఆధార్‌లో ఉన్న స్పెల్లింగునే ఒక్క అక్షరం మార్చకుండా ఎక్కించాను. ఇక్కడ మనకు నచ్చినట్టు ఒక 'హెచ్' కలిపినా తీసేసినా తర్వాత ఆధార్ అనుసంధానం దగ్గర తిరస్కరణ వస్తుంది.

దరఖాస్తు మీద వేలిముద్ర వేయించాం. సిరా అద్దిన బొటనవేలు కాగితం మీద కోడిగుడ్డు ఆకారంలో నల్లగా పడింది. గీత ఒక్కటీ లేదు. దాన్నే చూపిస్తూ మా గుమస్తాతో, "మినహాయింపు ఎందుకిచ్చామో ఈ ముద్రే చెబుతుంది, దీని ఫోటోకాపీ రిజిస్టరులో పెట్టు" అన్నాను. మూడు నెలల తర్వాత కంకరెంట్ ఆడిటరు ఈ ఖాతా దగ్గర ఆగి, బయోమెట్రిక్ ఎందుకు లేదని అడిగారు. రిజిస్టరు తెరిచి ఆ పేజీ చూపించాను. చదివి టిక్కు పెట్టి ముందుకెళ్లారు. అంతే. మేం భయపడిన ఆడిట్ అంతే.

కథ ఇక్కడితో అయిపోలేదు. జులై మొదటి వారంలో ఆమె అంగీకార పత్రం తీసుకుని ఆధార్‌ను ఖాతాకు అనుసంధానం చేయబోతే, ఆ ఆధార్ ఇప్పటికే వేరే బ్యాంకుకు ముడిపడి ఉందని జవాబు వచ్చింది.

ఆధార్ ఆధారిత చెల్లింపులో డబ్బు ఖాతా నంబరు చూసి వెళ్లదు. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చెప్పే పట్టిక, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఉంటుంది, దాన్ని మ్యాపర్ అంటాం. ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది, చివరగా ఎవరు ముడివేస్తే వాళ్లది. జాబ్ కార్డు వివరాల్లో పోస్టాఫీసు నంబరున్నా, బ్యాంకు నంబరున్నా ఆధార్ ద్వారా పంపిన కూలీ మ్యాపర్ చూపించిన చోటికే పోతుంది. అంటే అవ్వ ఆరు వారాల కూలీ ఎక్కడికీ పోలేదు. ఆమెకు తెలియని ఒక ఖాతాలో పడి ఉంది.

"ఇంకో బ్యాంకులో ఎప్పుడైనా వేలేసినావా అవ్వా?"

చాలాసేపు ఆలోచించింది. "ఆయన పోయినాక, మూడేండ్లకేమో, రచ్చకట్ట కాడ చెట్టు కింద ఎవురో వచ్చి కూచున్న్యారు. సర్కారు దుడ్లు పడతాయి, వేలు పెట్టండి అన్న్యారు. ఊరంతా పెట్టినారు, నేనూ పెట్టినా. బుక్కు ఈలేదు."

లెక్క చూస్తే అది 2017. అప్పటికి ఆమె వేళ్లు ఇంకా పడుతున్నాయి. ఆ రోజుల్లో దేశమంతా ఇలాంటివి జరిగాయి. వినియోగదారులకు తెలియకుండా తెరిచిన ఖాతాల్లోకి గ్యాస్ రాయితీ మళ్లిందన్న ఫిర్యాదుల మీద 2017 డిసెంబరులో యూఐడీఏఐ ఒక టెలికాం సంస్థకూ దాని చెల్లింపుల బ్యాంకుకూ ఇ-కేవైసీ అనుమతిని కొంతకాలం ఆపింది కూడా. బ్యాంకు ఖాతాకు ఆధార్ తప్పనిసరి చేయడం చెల్లదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ పథకాల సొమ్ముకు ఆధార్ అడగడాన్ని మాత్రం సమర్థించింది. 2019 చట్ట సవరణ తర్వాత ఖాతాదారు ఇష్టపడి ఇస్తేనే ఆధార్‌తో ధ్రువీకరణ. ఆ ఇష్టం అనే మాట విలువ రచ్చకట్ట మీద కూర్చున్న అవ్వకు ఎవరు చెప్పారు? వేలు పెట్టడమంటే సంతకం పెట్టడమని, ఆ సంతకంతో తన కూలీ దారి మారిపోతుందని చెప్పకుండా పెట్టించుకున్న వేలు అది.

అవ్వ ఆధార్ ముడిపడి ఉన్న ఆ వేరే బ్యాంకు శాఖ అనంతపురం పట్టణంలో ఉంది. డబ్బు వాళ్ల బ్యాంకు మిత్ర దగ్గర తీసుకోవాలన్నా వేలే కావాలి, అది పడదు. పరిస్థితి వివరిస్తూ ఒక ఉత్తరం రాసిచ్చి పంపాను. మొదటిసారి అక్కడ కూడా "వేలిముద్ర అప్‌డేట్ చేయించుకుని రా" అన్నారు. అదే మాట, ఇంకో కౌంటరు. ఈసారి నేనే ఆ శాఖ అధికారితో ఫోన్లో మాట్లాడి, మినహాయింపు పేరా చదివి వినిపించాను. ఆయన సజ్జనుడు. విని, రేపే పంపండి అన్నారు. సంతకం ఉన్న జాబ్ కార్డు చూసి, తమ రికార్డులో ఫోటో పోల్చుకుని, విత్‌డ్రాయల్ ఫారం మీద డబ్బిచ్చారు. కూలీ, మధ్యమధ్యలో పడిన చిన్నచిన్న గ్యాస్ రాయితీలు కలిపి 8 వేల పైచిలుకు. ఆ తర్వాత పాత బ్యాంకు పేరు రాసి కొత్త అంగీకార పత్రం పంపితే మ్యాపర్‌లో మా బ్యాంకు వచ్చింది. జులై 21న మా ఖాతాలో మొదటి కూలీ పడింది.

ఈ కేసు తర్వాత మా శాఖలో మూడు పనులు చేశాం. మూడు ప్రయత్నాల్లో వేలు పడకపోతే నాలుగోది వద్దు, యంత్రం ఇచ్చిన చీటీతో సహా మనిషిని అదే రోజు శాఖకు పంపమని మా పరిధిలోని బ్యాంకు మిత్రలందరికీ చెప్పాం. ఆరు పత్రాల పేర్లు పెద్ద తెలుగు అక్షరాలతో రాయించి కౌంటరుకు రెండు వైపులా అంటించాం, ఖాతాదారుకు ఒకటి, లోపల కూర్చున్నవాళ్లకు ఒకటి. అనుసంధానానికి ముందే మ్యాపర్ చూడటం అలవాటు చేసుకున్నాం, వచ్చిన వాళ్లను "ఇంకో బ్యాంకులో వేలేసినారా" అని అడగడం కూడా. ఆ ఏడాది ముగిసేసరికి మినహాయింపుల రిజిస్టరులో మొదటి పేజీ నిండింది. దాదాపు అందరూ అరవై దాటిన కూలీ ఆడవాళ్లే.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన కేసులో తీర్పిస్తూ, డిజిటల్ కేవైసీ అందరికీ అందేలా మార్చాలని ఆదేశించింది. కెమెరా ముందు కళ్లు ఆర్పలేని మనిషిని యంత్రం తిప్పి పంపడం అక్కడి సమస్య. అవ్వ వేలిది కూడా అదే సమస్య. కేవైసీ దరఖాస్తును ఆలోచించకుండా తిరస్కరించకూడదని, తిరస్కరిస్తే కారణం అధికారి నమోదు చేయాలని అదే ఏడాది రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో చేర్చింది. 2023 జూన్‌లో ఆ వాక్యం ఉండి ఉంటే, 'పేరు కలవలేదు' అని రాసే ముందు నా పెన్ను ఆగేదేమో.

అవ్వకు ఖాతా అయితే వచ్చింది. డబ్బు తీసుకోవడం మాత్రం నేను ఆ శాఖలో ఉన్నన్నాళ్లూ కష్టంగానే ఉండేది. ఊళ్లో బ్యాంకు మిత్ర ఉన్నా వేలు పడదు కాబట్టి అతను ఇవ్వలేకపోయేవాడు. కూలీ పడ్డప్పుడల్లా 14 కిలోమీటర్లు ఆటోలో వచ్చి, ఫారం మీద ఆ గీతల్లేని ముద్ర వేసి తీసుకెళ్లేది. ఇంటి దగ్గరికే సేవ అందించే ఏర్పాటు 70 దాటినవాళ్లకని 2017 నాటి ఆదేశం. ఆధార్ లెక్కలో ఆమెకు అప్పటికి 68. "నాకు డెబ్బై ఎప్పుడో దాటినాయి నాయనా, ఆ కాగితానికే దాటలేదు" అని ఒకసారి అంది.

కనుపాప పరికరం మా బ్యాంకు మిత్రలకు కూడా ఇవ్వాలని ప్రాంతీయ కార్యాలయానికి రెండు ఉత్తరాలు రాశాను, మినహాయింపుల రిజిస్టరు పేజీ జతచేసి. నేను బదిలీ అయ్యే నాటికి జవాబు రాలేదు. చివరి రోజు సాయంత్రం నా స్థానంలో వచ్చిన అధికారికి ఆ ఉత్తరాల నకళ్లు, రిజిస్టరు చేతికిచ్చి, అవ్వ ఊరి పేరు చెప్పి, ఆమె వస్తే ముందు కుర్చీ వేయమని చెప్పి వచ్చాను.